జూలై 18: కాఫీ తోటలు మాడిన రాత్రి

జూలై వచ్చిందంటే మన వర్తకుల చూపు ఆకాశం మీదనే ఉంటుంది. వాన ఎప్పుడు పడుతుంది, వేరుశనగ విత్తనం ఎప్పుడు పడుతుంది అని ఆరా. కాఫీ వ్యాపారుల ఆరా మాత్రం వేరు. వారికి కావలసింది బ్రెజిల్‌లో థర్మామీటరు ఎంత చూపుతున్నదన్నదే. భూమధ్యరేఖకు దిగువన జూలై చలికాలం. ఆ భయానికి కారణం 1975 జూలై 18.

ముందురోజు పరానా రాష్ట్ర రాజధాని కురిచిబాలో మంచు కురిసింది. ఆ రాత్రి చలిగాలి ఉత్తరాన లోండ్రినా, మరింగా తోటలను కమ్మింది. మామూలు మంచు ఆకుల మీద తెల్లగా పేరుకుంటుంది. ఈసారి గాలిలో తేమ లేదు. తెల్లటి పొర పడకుండానే చెట్టులోని రసం గడ్డకట్టింది. ఆకులు, కొమ్మలు నిప్పు తగిలినట్లు నల్లబడ్డాయి. దీనినే అక్కడ 'నల్ల మంచు' అంటారు.

ఇక్కడ వర్తకులు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ ఏటి కోత చాలావరకు ముగిసింది. 1975లో పరానా దిగుబడి సుమారు 1 కోటి 2 లక్షల బస్తాలు (బస్తా 60 కిలోలు), అంటే బ్రెజిల్ పంటలో దాదాపు సగం. 1976లో అదే పరానా ఇచ్చింది 3,800 బస్తాలు! గోదాములో సరుకు ఉంది, చెట్టు లేదు. కొత్త మొక్క నాటితే కాపుకు 3, 4 ఏళ్లు ఆగాలి.

అయినా ధర ఒక్కరోజులో శిఖరం ఎక్కలేదు. అప్పటికి పౌను డాలరుకు లోపే పలుకుతున్న కాఫీ మెల్లమెల్లగా ఎగబాకింది. అదే సమయంలో అంగోలాలో అంతర్యుద్ధం తేజీకి తోడైంది. అమెరికాలో గృహిణులు కాఫీ మానేద్దామని ప్రచారం సాగించారు. 1977 ఏప్రిల్‌లో న్యూయార్కు ధర 3 డాలర్లు దాటింది. అక్కడ కొన్నవారి గతి చెప్పనక్కరలేదు. ఏడాది తిరిగేసరికి ధర 2 డాలర్ల దిగువకు జారింది. మంచు పడిన వార్త విని కొన్నవాడు బాగుపడ్డాడు, 21 నెలలు ఆలోచించి కొన్నవాడు మునిగాడు. మా బి.కాం. పుస్తకాల్లో గిరాకీ, సరఫరా గీతలు ఉన్నాయి గాని ఈ ఆలస్యం లెక్క ఎక్కడా లేదు.

మన దేశంలో ఆ రోజుల్లో తోటల కాఫీ అంతా కాఫీ బోర్డు పూల్‌కు చేరవలసిందే. అందుచేత న్యూయార్కు తేజీ నేరుగా తోట యజమాని చేతికి అందలేదు.

1994లో జూన్, జూలై నెలల్లో రెండుసార్లు, 2021 జూలై 20న మరోసారి మంచు దెబ్బ తగిలింది. 1977 నాటి రికార్డు చెదరడానికి మాత్రం 2024 డిసెంబరు దాకా పట్టింది. అప్పటి కారణం మంచు కాదు, కరువు.

పరానా రైతులు చాలామంది మళ్లీ కాఫీ నాటలేదు. కాఫీ సాగు ఉత్తరాన మినాస్ జెరాయిస్ వైపు మళ్లింది. తోటల్లో పని పోయిన కూలీలు పట్నాల దారి పట్టారు. ఆ పొలాల్లో గోధుమ, సోయా వేశారు. మన నూనె వ్యాపారులు ఇప్పుడు బేరమాడే బ్రెజిల్ సోయా నూనె వెనుక ఆ రాత్రి చలి కూడా కొంత ఉంది.