పాత కారులో పెట్రోలు ఏల అందదు?

గూడూరు నుండి కోటకు పోవు దారిలో, నడివేసవి మధ్యాహ్నమున, ఒక పాత అంబాసిడరు కారు ఆగిపోయిన దనుకొందము. టాంకులో పెట్రోలున్నది, కాని యంత్రమునకు అందుట లేదు. పంపు చెడినదని వెంటనే క్రొత్తది కొనుట తొందరపాటు. అది పనిచేయు విధము తెలిసినచో లోపమెక్కడనో మనమే ఊహింపవచ్చును.

దారి ప్రక్కన కొబ్బరి బొండము త్రాగువానిని చూడుడు. అతడు గొట్టములోని గాలిని పీల్చగానే అందు పీడనము తగ్గును. అప్పుడు వెలుపలి వాతావరణ పీడనము నీటిని గొట్టములోనికి నెట్టును. నీటిని పైకెత్తునది నోరు కాదు, గాలి ఒత్తిడి!

పాత కార్లలో పెక్కింటియందు ఇంజను ప్రక్కన బిగించిన పంపు ఇట్లే పనిచేయును. ఇంజనులోని కామ్ షాఫ్టు ఒక మీటను ఆడించును. మీట డయాఫ్రము అను మెత్తని పొరను క్రిందికి లాగును. పైని గదిలో పీడనము తగ్గి, ఒక కవాటము తెరచుకొని, టాంకులోని పెట్రోలు లోనికి వచ్చును. పిమ్మట స్ప్రింగు పొరను పైకి నెట్టగా మొదటి కవాటము మూసికొని, రెండవ కవాటము గుండ పెట్రోలు కార్బురేటరునకు పోవును.

ఇక లోపములను చూతము. గొట్టమునకు చిల్లి పడినచో బొండము త్రాగువానికి గాలియే వచ్చును. కారులోను అంతే. అయితే పంపునకు ముందున్న గొట్టమున చిల్లి యున్నను, ఇంజను నడచునపుడు పెట్రోలు బయటికి కారకపోవచ్చును. లోపలి పీడనమే తక్కువ గదా! అట్లే టాంకు మూతకున్న గాలిరంధ్రము పూడిపోయినచో, పెట్రోలును నెట్టుటకు గాలి లోనికి రాదు. ఆగిన కారు మూత తీయగానే బుస్సుమని గాలి లోనికి పోయినచో దోషము మూతదే, పంపుది కాదు.

మూడవది ఎండ. పెట్రోలులోని తేలిక భాగములు సుమారు 40 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగసాగును. పీడనము తగ్గిన గొట్టములో అంతకు ముందే మరుగును. అప్పుడు పంపు ద్రవమునకు బదులు ఆవిరిని పీల్చును. కారును నీడన నిలిపి, ఇంజను చల్లారనిచ్చినచో ఆవిరి తిరిగి ద్రవమగును. చల్లారిన పిమ్మట బండి కదలినచో పంపును నిందింపనక్కరలేదు.

నిజముగ చెడునది తరచు డయాఫ్రమే. అది చిరిగినచో పెట్రోలు పంపు అడుగున కారును, లేదా ఇంజను నూనెలో కలియును. నూనె కొలుచు కడ్డీకి పెట్రోలు వాసన తగిలినచో బండి నడపరాదు. పలుచనైన నూనె ఇంజను భాగములను కాపాడలేదు. మనదేశమున 2023 లో 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకమునకు వచ్చినది. ఇథనాలునకు తగని పాత రబ్బరు ఉబ్బి, మెత్తబడి చెడిపోవచ్చును. కనుక దానిని తట్టుకొను పొరను, గొట్టములను వేయించుట మేలు.

వేడి ఇంజను వద్ద పెట్రోలు గొట్టము ఊడదీయుట ప్రాణాపాయకరము. ఆ పని మెకానిక్కునకే విడువవలెను. తరగతిలో ఈ ప్రయోగమును నీటితోనే చేయవచ్చును. నీటితో నిండిన సీసాకు గొట్టము గ్రుచ్చిన బిరడాను గట్టిగా బిగించి, ఒక విద్యార్థిని పీల్చుమనుడు. నీరు కొంచెము వచ్చి ఆగిపోవును. బిరడా వదులు చేయగానే మరల వచ్చును. టాంకు మూత రహస్యము ఇదియే.