ఎగోన్ ముల్లర్: రెండు ట్రాక్‌ల విజేత

స్పీడ్‌వే అనే మోటార్‌సైకిల్ పందేనికి 1936లో లండన్‌లోని వెంబ్లీలో మొదటి ప్రపంచ వ్యక్తిగత ఫైనల్ జరిగిన నాటి నుంచి ఆ బిరుదు గెలిచిన జర్మన్ రైడరు ఒక్కడే; 1948లో కీల్ నగరంలో పుట్టిన ఎగోన్ ముల్లర్ 1983లో, 34 ఏళ్ల వయసులో, దాన్ని అందుకున్నాడు. మోటారు వాహనాల తయారీలో పేరుమోసిన దేశానికి ఈ ఆటలో ఇంత తక్కువ వాటా దక్కడం వింతగానే తోస్తుంది గానీ, అక్కడి రైడర్ల బలమంతా స్పీడ్‌వేకు దాయాది వంటి లాంగ్‌ట్రాక్ పందేలలో ఉండేదని తెలిస్తే ఆ వింత చాలావరకు తగ్గుతుంది.

స్పీడ్‌వేలో నలుగురు రైడర్లు దీర్ఘవృత్తాకారపు మట్టి ట్రాక్‌పై అపసవ్య దిశలో నాలుగు చుట్లు తిరుగుతారు. బండికి 500 సీసీ ఇంజను, ఒకే ఒక గేరు ఉంటాయి. ఇంధనంగా పెట్రోలుకు బదులు మెథనాల్ అనే ఆల్కహాలు వాడతారు. బ్రేకులు మాత్రం అసలే ఉండవు. ఇది సాహసం కోసం పెట్టిన నియమంలా కనిపించినా, రైడర్లు ఒకరినొకరు దాదాపు తాకుతూ పోయే చోట ముందున్నవాడు హఠాత్తుగా బ్రేకు వేయడమే అంతకు మించిన ప్రమాదం. మలుపు దగ్గర రైడరు ఉక్కు తొడుగు వేసిన ఎడమ బూటును నేలకు ఆనించి, ముందు చక్రాన్ని కుడివైపు తిప్పి, వెనక చక్రాన్ని ట్రాక్ బయటి అంచు వైపు జారనిస్తూ బండిని ఎడమకు మళ్లిస్తాడు; వేగానికి కళ్లెం వేసేది ఆ జారుడే. పందెం సుమారు ఒక నిమిషంలో ముగుస్తుంది కాబట్టి, మొదటి మలుపులోకి ముందుగా చేరినవాడికి సగం గెలుపు చిక్కినట్టే.

లాంగ్‌ట్రాక్ స్వభావం వేరు. ఇసుకతోనో గడ్డితోనో ఉండే ఆ ట్రాక్ ఒక చుట్టు 1000 మీటర్ల వరకు సాగుతుంది. ఒకే పందెంలో నలుగురికి మించి దిగుతారు. బండికి రెండు గేర్లుంటాయి, వేగమూ హెచ్చు. ముల్లర్ 1974, 1975, 1978 సంవత్సరాలలో ఈ విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచాడు. పొడవాటి ట్రాక్‌పై అలవడిన వేగం పొట్టి ట్రాక్ ఇరుకు మలుపుల్లో అలాగే పనికిరాదు గనుక, ఈ రెండింటిలోనూ ప్రపంచ బిరుదు సాధించడమే ఆయన జీవితంలో అసలు విశేషం. పాటలు పాడి రికార్డులు విడుదల చేసిన ముచ్చట ఎంత ఆకర్షణీయంగా ఉన్నా దాని తర్వాతిదే.

1983 ఫైనల్ నార్డెన్ పట్టణానికి చేరువలోని హాల్బెమాండ్‌లో జరిగింది. వ్యక్తిగత ఫైనల్‌కు జర్మన్ గడ్డ వేదిక కావడం అదే మొదలు. ఆ రోజుల్లో బిరుదు ఒక్కరోజులోనే తేలిపోయేది: 16 మంది రైడర్లు, 20 హీట్లు, అంటే ఒక్కొక్కరికి అయిదేసి పందేలు, మొదటి స్థానానికి 3, రెండో స్థానానికి 2, మూడో స్థానానికి 1 పాయింటు. ముల్లర్ అయిదింటినీ గెలిచి 15కు 15 పాయింట్లు సాధించగా, ఆస్ట్రేలియా రైడరు బిల్లీ శాండర్స్ రెండో స్థానంలో, 1980 నాటి విజేత ఇంగ్లండ్‌కు చెందిన మైఖేల్ లీ మూడో స్థానంలో నిలిచారు. అంతకు ముందు రెండేళ్లూ గెలిచిన అమెరికన్ బ్రూస్ పెన్‌హాల్ అప్పటికే ఆట మానేశాడనీ, సొంత దేశపు ట్రాక్ ముల్లర్‌కు కలిసివచ్చిందనీ అనడంలో నిజం లేకపోలేదు. అయినా మధ్యలో తీరిగ్గా కోలుకునే వీలు లేని పోటీలో ఒక్క హీటు కూడా చేజార్చుకోకపోవడం అనుకూలతల వల్ల మాత్రమే జరిగే పని కాదు.

మరుసటి ఏడాది నుంచి 1989 వరకు బిరుదు డెన్మార్క్ దాటిపోలేదు. ఎరిక్ గుండర్సన్, హాన్స్ నీల్సన్ చెరి మూడుసార్లు గెలిచారు. 1995లో ఒక్కరోజు ఫైనల్ స్థానంలో గ్రాండ్‌ప్రి వరుస వచ్చి, ఏడాది పొడవునా కూడబెట్టిన పాయింట్లతో విజేతను నిర్ణయించే పద్ధతి మొదలయ్యాక, జర్మన్ రైడర్లకు ఆ మెట్టు మరింత ఎత్తయింది. 2014లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో మార్టిన్ స్మోలిన్‌స్కీ ఒక గ్రాండ్‌ప్రి గెలిచి ఆశలు రేపాడు గానీ, 2018లో ఆయనకు దక్కిన ప్రపంచ బిరుదు లాంగ్‌ట్రాక్‌దే.