ఆయిలు ఇంజను హెడ్డు బిగింపు

నాగార్జునసాగరు కుడికాలువకు 1967లో నీరు వదలిరి. అయినను పల్నాటి మెట్టచేలకు నీరెక్కవలెనన్నచో ఇంజను కావలసినదే. అది తడి నడుమ ఆగినచో మిరపతోట వాడిపోవును. హెడ్డునకు, సిలిండరునకు నడుమనుండు గ్యాస్కెట్టు లీకగుట ఇందులకొక కారణము.

నట్లు తమంతట తామే వదులైనవని మనమనుకొందుము. పెక్కుసార్లు జరుగునది వేరు: క్రొత్త గ్యాస్కెట్టు మొదటి వేడికి అణగి పలుచనగును; దానితో నట్ల బిగి తగ్గును.

కావున పాత గ్యాస్కెట్టును మరల వాడరాదు. రెండు ముఖములను శుభ్రపరచి, నట్లను ఎదురెదురుగా, మూడు విడతలుగా బిగింపవలెను. కొంతసేపు నడిపి, ఇంజను పూర్తిగా చల్లారిన పిదప మరియొకసారి సరిచూడవలెను. తయారీదారులు చెప్పిన కొలతను మించినచో స్టడ్డు సాగి, ఉన్న బిగియు పోవును. అతుకు వెంట సబ్బునీరు పూసి ఇంజను నడిపినచో బుడగలే లీకును చూపును.

తడికి ముందునాడే ఈ పని ముగించుకొనుడని మా మనవి.