బ్రౌజర్ కాపలా ఎక్కడిదాకా? మన కులం వివరాలు ఎవరి చేతిలో?

అడ్మిషన్ల కాలంలో రాజమండ్రిలో ఏ నెట్ సెంటర్‌కు వెళ్లినా ఒకటే రద్దీ. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, స్కాలర్‌షిప్ దరఖాస్తు. కోనసీమ నుంచి, కొవ్వూరు నుంచి వచ్చి హాస్టళ్లలో చదువుకునే మన పిల్లలు ఫోన్‌లో వెతికేవీ ఇవే. 'ఎస్సీ స్కాలర్‌షిప్', 'అట్రాసిటీ కేసు ఎలా పెట్టాలి' అని వెతికిన ప్రతిసారీ మనమెవరో తెలిపే ఆనవాలు ఒకటి మిగిలిపోతుంది. బ్రౌజర్‌లోనే ఉండే యాడ్ బ్లాకర్ దాన్ని ఎంతవరకు ఆపగలదో చూద్దాం.

మనం ఒక పేజీ తెరిస్తే ఆ సైట్ ఒక్కటే రాదు. దానితోపాటు ప్రకటనల కంపెనీల కోడ్ కూడా వస్తుంది. అది మన ఫోన్‌లో కుకీ అనే గుర్తు పెడుతుంది. అదే కంపెనీ కోడ్ పది సైట్లలో ఉంటే, పదింటిలోనూ మనం ఏం చదివామో దానికి తెలిసిపోతుంది. వీటినే ట్రాకర్లు అంటున్నాం. బ్లాకర్ దగ్గర ఇలాంటి కంపెనీల చిరునామాల జాబితా ఉంటుంది. ఆ చిరునామాలకు పోవడానికే బ్రౌజర్ నిరాకరిస్తుంది. అందుకే పేజీ త్వరగా తెరుచుకుంటుంది, డేటా కూడా మిగులుతుంది.

అన్ని బ్రౌజర్లూ ఒకటి కావు. బ్రేవ్ ప్రకటనలనూ ట్రాకర్లనూ మొదటి నుంచే ఆపుతుంది. ఫైర్‌ఫాక్స్ 2019 నుంచి ట్రాకింగ్ కుకీలను అందరికీ ఆపుతోంది. ప్రకటనలు కూడా వద్దనుకుంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే దానికి యూబ్లాక్ ఆరిజిన్ జోడించుకోవచ్చు. సఫారీ 2020 నుంచి బయటి కంపెనీల కుకీలను పూర్తిగా ఆపేసింది. క్రోమ్‌లోనూ వాటిని తీసేస్తామని గూగుల్ 2020లో ప్రకటించి, 2024లో వెనక్కి తగ్గింది. గూగుల్ ఆదాయంలో పెద్ద భాగం ప్రకటనలదే.

అలాగని గోప్యత పేరు చెప్పే కంపెనీలను గుడ్డిగా నమ్మలేం. టైప్ చేసిన కొన్ని క్రిప్టో సైట్ల చిరునామాలకు బ్రేవ్ తన కమీషన్ కోడ్ తగిలిస్తోందని 2020లో బయటపడింది. డక్‌డక్‌గో బ్రౌజర్ మైక్రోసాఫ్ట్ ట్రాకర్లను వదిలేస్తోందని 2022లో తేలింది. బయటివాళ్లు పరీక్షించి అడిగాకే రెండూ సరిదిద్దుకున్నాయి. అందుకే మనమూ పరీక్షించాలి. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వారి 'కవర్ యువర్ ట్రాక్స్' సైట్‌ను మీ బ్రౌజర్‌లో తెరవండి. ట్రాకర్లు ఆగుతున్నాయా, మీ ఫోన్ వేలాది ఫోన్లలో ప్రత్యేకంగా గుర్తుపట్టేలా ఉందా అన్నది ఉచితంగా చెబుతుంది.

ఇన్‌కాగ్నిటో అంటే ఎవరికీ కనిపించకపోవడం కాదు. ఆ కంప్యూటర్‌లో హిస్టరీ మిగలదు, అంతే. ఇన్‌కాగ్నిటోలోనూ సమాచారం సేకరించారంటూ అమెరికాలో వేసిన కేసులో, ఆ డేటాను తొలగించడానికి గూగుల్ 2024లో ఒప్పుకుంది. నెట్ సెంటర్‌లో దిగుమతి చేసుకున్న కుల ధ్రువీకరణ పీడీఎఫ్ ఇన్‌కాగ్నిటో మూసినా డౌన్‌లోడ్స్‌లోనే ఉంటుంది. లేచే ముందు దాన్ని తొలగించండి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

ఇక అసలు విషయం. బ్లాకర్ బయటివాళ్లనే ఆపుతుంది. మనమే ఫారంలో నింపి ఇచ్చిన వివరాలను అది కాపాడలేదు. 2018లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.3 లక్షల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం అందరికీ కనిపించేలా ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఇల్లు కావాలంటే కులం చెప్పక తప్పదు. చెప్పిన కులాన్ని దాచాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2018లో శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదా కులాన్ని, తెగను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా చేర్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో సున్నిత సమాచారం అన్న విభాగమే లేదు.

కాబట్టి చేయాల్సినవి రెండు. మంచి బ్రౌజర్ పెట్టుకోవడం ఈరోజే అయిపోతుంది, పది నిమిషాల పని. మన కులం వివరాలకు చట్టంలో ప్రత్యేక రక్షణ సాధించడం మాత్రం ఒక్కరితో అయ్యేది కాదు, సంఘాలుగా అడగాల్సిందే.