ఇల్లు బడి అయినా... ఇల్లుగానే ఉండాలి

కడపలోని ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ పేరిట ఒక భాషా పరిశోధన కేంద్రం ఉంది. రెండు వందల ఏళ్ల కిందట బ్రౌన్ దొర నివసించిన బంగళా ఉన్నచోటే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి వంటి పెద్దల పట్టుదల వల్ల ఆ గ్రంథాలయం వెలిసింది. 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చిన బ్రౌన్ ఇక్కడి పండితులను చేరదీశాడు, తాటాకుల్లో శిథిలమైపోతున్న కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చువేయించాడు. 1852లో తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు వెలువరించాడు. ఇదంతా తెలుగువారికి తెలిసిన సంగతే. ఆయన చిన్ననాటి చదువు సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ దైవసేవకుడు, అనేక భాషలు తెలిసినవాడు. హీబ్రూ, అరబ్బీ, పారశీక భాషల్ని ఆ బాలుడు ఇంట్లోనే, తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. 1812లో తండ్రి కన్నుమూసేనాటికి అతని వయసు 13 ఏళ్లు మాత్రమే. ఆ తర్వాత కుటుంబం ఇంగ్లండుకు వెళ్లిపోయింది. అక్కడ కాలేజీ చదువు ముగించుకుని 1817లో మద్రాసుకు వచ్చాకే అతను తెలుగు అక్షరాలు దిద్దాడు. తండ్రి అతనికి తెలుగు నేర్పలేదు. కానీ పరాయి భాషను చూసి బెదరకుండా, దాన్ని ప్రేమతో దగ్గరికి తీసుకునే అలవాటుకు పునాది ఆ ఇంట్లోనే పడింది. తండ్రికి దొరికింది కొద్ది సంవత్సరాలే. ఆ కొద్ది సంవత్సరాల ఫలాన్ని మనమంతా ఈనాటికీ అనుభవిస్తున్నాం.

బద్వేలులో మేము మా ఇద్దరు పిల్లలకు నాలుగేళ్లుగా ఇంట్లోనే చదువు చెబుతున్నాం. ఆ మాట విన్నవారు మొదట అడిగేది, ‘‘అయ్యో, బడి మాన్పించినారా?’’ అని. తర్వాత, ‘‘రేపు సర్టిఫికెట్టు ఎవరిస్తారు?’’ అంటారు. ఆరాధన ముగిశాక చర్చి మెట్ల దగ్గర కొందరు మమ్మల్ని జాలిగా చూస్తారు. ఇంకొందరు మేమేదో గొప్ప భక్తి చేస్తున్నట్టుగా మెచ్చుకుంటారు. ఆ జాలి అక్కర్లేదు, ఆ మెప్పు అంతకన్నా అక్కర్లేదు. బడికి పంపేవారికి విశ్వాసం తక్కువా కాదు, ఇంట్లో చదివించేవారికి ఎక్కువా కాదు. పౌలు గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నాడు (అపొ. కార్య. 22:3). తిమోతి తన తల్లి, అవ్వల దగ్గర లేఖనాలు నేర్చుకున్నాడు (2 తిమోతి 1:5, 3:15). దేవుడు ఆ ఇద్దరినీ ఒకే పనికి వాడుకున్నాడు.

సర్టిఫికెట్టు ప్రశ్న మాత్రం తోసిపుచ్చదగింది కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల కర్తవ్యమని చెబుతోంది. చేర్చని తల్లిదండ్రులకు అందులో శిక్ష లేదు. ఇంటి చదువుకు ప్రత్యేక అనుమతి కూడా లేదు. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా, 14 ఏళ్లు నిండినవారు పదో తరగతి పరీక్ష రాయవచ్చు. మన రాష్ట్రంలో ఓపెన్ స్కూల్ సొసైటీ కూడా ఉంది. ఇవన్నీ విచారించుకోకుండా, దేవుడే చూసుకుంటాడని పిల్లల్ని ఇంట్లో ఉంచేయడం విశ్వాసం అనిపించుకోదు. గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని యేసుప్రభువే చెప్పాడు (లూకా 14:28).

మరో సంగతి. ఇంటి చదువు పేరు చెప్పి ఆడపిల్లను వంటింటికి, మగపిల్లవాణ్ణి అంగడికి అంటగడితే అది చదువే కాదు. మా ప్రాంతంలో శెనక్కాయలు పీకే రోజుల్లో బడి మానే పిల్లల్ని మనం చూస్తూనే ఉన్నాం. పిల్లల చేతికి పుస్తకం ఇవ్వలేని ఇల్లు వాళ్లను బడికి పంపాలి. అదే వాళ్లకు న్యాయం.

అయితే ఈ నాలుగేళ్లలో మాకు బోధపడిన అసలు కష్టం పాఠాల్లో లేదు, సర్టిఫికెట్టులోనూ లేదు. ఓ రోజు భిన్నాల లెక్క నాలుగోసారి కూడా తప్పింది. అప్పుడు మా చిన్నది తలెత్తి అడిగింది: ‘‘అమ్మా, ఇప్పుడు నువ్వు అమ్మవా, టీచరువా?’’

ఎంత పెద్ద ప్రశ్న అది! బడిలో లెక్క తప్పిన బిడ్డ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ కొంగు పట్టుకుంటుంది. టీచరు కోప్పడిందని నాయనతో చెప్పుకుంటుంది. పది మార్కులొచ్చినా, సున్నా వచ్చినా సంగటి ముద్ద ఒక్కటే, పక్కలో చోటు ఒక్కటే. మరి టీచరే అమ్మ అయినప్పుడు ఆ బిడ్డ ఎక్కడికి వెళ్లాలి? లెక్క తప్పినందుకు అమ్మ ముఖం మారిపోతే, ఆ మార్పు వంటింటి దాకా, పడక దాకా వెంటబడితే, ఆ పసిమనసుకు పారిపోయే చోటేది? ఇంట్లో చదువు చెప్పే తల్లిదండ్రులు పోగొట్టుకోగలిగినది ర్యాంకు కాదు, బిడ్డకు ఉన్న ఆ ఒక్క ఆశ్రయం. తండ్రులు తమ పిల్లల మనసు కుంగిపోయేలా వారికి కోపం పుట్టించకూడదని పౌలు కొలొస్సయ సంఘానికి రాశాడు (కొలొస్సయులకు 3:21). ఇంటినే బడిగా మార్చుకున్నవారు రోజూ గుర్తుచేసుకోవలసిన హెచ్చరిక ఇది.

ఈ విషయంలో క్రైస్తవ లోకం తరతరాలుగా చెప్పుకుంటున్న పేరు సుసన్నా వెస్లీ. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీకి, వేలాది కీర్తనలు రాసిన ఛార్లెస్ వెస్లీకి ఆమె తల్లి. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అనే పల్లెలో ఆమె భర్త పాదిరి. వారికి పుట్టినవారు 19 మంది, బతికి పెద్దవారైనవారు 10 మంది. ఇంట్లో అప్పులు. 1705లో ఆ అప్పుల వల్లే భర్త జైలుకు కూడా వెళ్లాడు. అలాంటి ఇంట్లో ఆమె రోజుకు ఆరు గంటలు, పొద్దున మూడు, మధ్యాహ్నం మూడు, పిల్లలకు పాఠాలు చెప్పింది. అయిదేళ్లు నిండిన మరునాడే అక్షరాభ్యాసం. చక్కగా చదవడం వచ్చేదాకా ఆడపిల్లకు ఇంటిపని నేర్పకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం. మూడు వందల ఏళ్ల కిందటి మాట ఇది! ఇప్పటికీ అమ్మాయి చేతిలోని పుస్తకం లాక్కుని చీపురు ఇచ్చే ఇళ్లు ఎన్ని లేవు?

1709లో వారి ఇల్లు తగలబడిపోయింది. అయిదేళ్ల జాన్‌ను ఆఖరి నిమిషంలో కిటికీలోంచి బయటికి తీశారు. పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరుగా ఇతరుల ఇళ్లలో తలదాచుకున్నారు. మళ్లీ అందరూ ఒక గూటికి చేరాక సుసన్నా ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టింది. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో ఏకాంతంగా కూర్చుని మాట్లాడేది. జాన్ వంతు గురువారం. అక్షరాలు నేర్పే పని పగలు, మనసు విప్పించే పని సాయంత్రం. జాన్ పెద్దవాడై కాలేజీలో ఉన్న రోజుల్లో కూడా ఆ గురువారపు సాయంత్రాన్ని తలచుకుని తల్లికి ఉత్తరం రాశాడు. ఆమె పద్ధతుల్లో కొన్ని ఈ రోజుల్లో మనకు మరీ కఠినంగా తోస్తాయి. కాని ఆ సాయంత్రాలు మాత్రం ఏ కాలానికైనా తగినవే.

ఆ ఇంటి కథలో మరో పుట ఉంది. దాన్ని మన ప్రసంగాల్లో అంతగా చెప్పుకోం. వారి కూతుళ్లలో హెట్టీ అసాధారణమైన తెలివిగలది. ఎనిమిదేళ్లకే గ్రీకు భాషలో కొత్త నిబంధన చదవగలిగేదని జీవితచరిత్రలు రాసినవారు చెబుతారు. ఆ హెట్టీ 1725లో తండ్రికి ఇష్టంలేని ఒక యువకుడితో ఇల్లు విడిచి వెళ్లి, మోసపోయి తిరిగివచ్చింది. తండ్రి ఆమెను క్షమించలేదు. ఆమె చదువుకు, మనసుకు ఏమాత్రం సరిపడని ఒక వ్యక్తికి ఇచ్చి పెళ్లి చేశారు. తండ్రి మనసు కరగాలని ఆమె ఉత్తరాలు రాసింది. అన్నదమ్ములూ ఆమె పక్షాన మాట్లాడారు. 1726లో జాన్ తండ్రి సంఘంలోనే, తప్పిపోయినవారిపట్ల చూపవలసిన ప్రేమను గురించి ప్రసంగించి తండ్రి కోపానికి గురయ్యాడు. అయినా ఆ తండ్రి మనసులో ఆమెకు పాత చోటు మళ్లీ దొరకలేదు. గ్రీకు నేర్పిన ఇల్లు, తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని (లూకా 15) మాత్రం తన కూతురి విషయంలో పాటించలేకపోయింది. చదువు గెలిచింది, ఇల్లు ఓడింది.

అందుకే మా ఇంట్లో పాఠ్యప్రణాళిక కంటే ముందు కొన్ని హద్దులు పెట్టుకున్నాం. పొద్దున ఎనిమిదికి మొదలైన చదువు పన్నెండుకు ముగుస్తుంది. ఎండాకాలంలో బద్వేలులో పదకొండు గంటలకే ఇంటి పైకప్పు నిప్పులు చెరుగుతుంది కాబట్టి ఆ నెలల్లో ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికే ముగిస్తాం. గంట కొట్టినట్టుగా పుస్తకాలన్నీ ట్రంకుపెట్టెలోకి వెళ్లిపోతాయి. పెట్టె మూత పడ్డాక ఆ రోజు తప్పిన లెక్క ప్రస్తావన తేకూడదు. భోజనాల దగ్గర అస్సలు తేకూడదు. లెక్కలు, సామాన్యశాస్త్రం రాత్రి కొట్టు కట్టేసి వచ్చాక నాయన వంతు. తల్లి ఒక్కతే వంట, ఉతుకు, పాఠం అన్నీ మోస్తే ఆ ఇంట్లో మొదట ఆరిపోయేది ఆమె సంతోషమే. తల్లి అలసట పిల్లలకు పాఠం కంటే త్వరగా వంటబడుతుంది. మంగళవారం సాయంత్రం పెద్దవాడిది, శుక్రవారం సాయంత్రం చిన్నదానిది. చెరువు కట్ట దాకా నడక, దోసెడు బొరుగులు, వాళ్లు చెప్పే కబుర్లు. ఆ గంటలో మేము ప్రశ్నలు అడగం, వింటాం. ఆదివారం ఆరాధన, సండే స్కూలు, విశ్రాంతి. ఆ రోజు పెట్టె తెరవం.

దేవుని మాటల్ని ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడాలని మోషే ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించాడు (ద్వితీ. 6:7). అందులో బల్ల లేదు, బెత్తం లేదు. ఉన్నదల్లా కలిసి బతకడమే. కలిసి బతకని ఇంట్లో ఎంత పాఠం చెప్పినా అది బల్ల దగ్గరే ఆగిపోతుంది.

పిల్లల్ని లోకం అంటకుండా గదిలో దాచుకోవడం కూడా మా ఉద్దేశం కాదు. సాయంత్రం వీధిలో అన్ని ఇళ్ల పిల్లలతోనూ మావాళ్లు ఆడుకుంటారు. ఎదురింటి షేక్ సాహెబు పిల్లలు మా బల్ల దగ్గరే హోంవర్కు చేసుకుంటారు. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలడుగుతూ కనిపించాడు. ఆ తర్వాత నజరేతుకు తిరిగివచ్చి తల్లిదండ్రులకు లోబడి ఉన్నాడు (లూకా 2:46–51). ఇంటికీ, బయటి గురువులకూ మధ్య వైరం లేదు. తండ్రి దగ్గర ఇంట్లో చదువుకున్న బ్రౌన్ సైతం పెద్దయ్యాక కడపలో, మచిలీపట్నంలో పేదపిల్లల కోసం ఉచిత పాఠశాలలు పెట్టించాడు. తనకు ఇంట్లో దొరికింది ఇతరులకు బడిలోనైనా దొరకాలనుకున్నాడు కాబోలు.

2020 మార్చిలో కరోనా వచ్చి బడులన్నీ మూతపడినప్పుడు రాష్ట్రంలో ప్రతి ఇల్లూ బడి కావలసి వచ్చింది. కొందరు పిల్లలు దూరదర్శన్ సప్తగిరి పాఠాల ముందు కూర్చున్నారు, కొందరు నాయన ఫోను కోసం వంతులు వేసుకున్నారు. ఆ నవంబరులో పై తరగతులు తెరుచుకున్నా, 2021లో మళ్లీ మూతపడి ఆగస్టు దాకా ఆగవలసి వచ్చింది. ఎందరో తల్లులు ఆ రోజుల్లో, ‘‘నాకు చదువు రాదు, నేనేం చెప్పాల?’’ అని కన్నీళ్లు పెట్టుకున్నారు. మా జిల్లాలో భర్త కువైట్‌లో, భార్య పిల్లలతో ఇక్కడ ఉండే ఇళ్లు తక్కువేమీ కాదు. అలాంటి తల్లికి తిమోతి ఇల్లు ఎంత ధైర్యం! అతని తండ్రి గ్రీసుదేశస్థుడని తప్ప ఆయన విశ్వాసం గురించి లేఖనం ఏమీ చెప్పలేదు (అపొ. కార్య. 16:1). పిల్లవాడిని విశ్వాసంలో పెంచింది అవ్వ లోయి, అమ్మ యునీకే. వారి నిష్కపటమైన విశ్వాసమే పౌలుకు గుర్తుండిపోయింది.

కాబట్టి సంఘాలు కూడా ఆలోచించాలి. వారం పొడవునా తాళం వేసి ఉండే చర్చి హాలులో సాయంత్రం ఒక దీపం వెలిగించి, చదువుకున్న యవనస్థులు ఇద్దరు కూర్చుంటే చాలు. ఒంటరిగా పిల్లల్ని చదివించుకుంటున్న తల్లికి అది ఎంత ఊరట! మందిరానికి రంగులు వేయించడానికి చందాలు వసూలు చేసే మనం, ఒక లెక్కల పుస్తకం కొనివ్వడానికి ఎందుకు వెనకాడాలి?

పిల్లలు మన దగ్గర ఉండేది కొద్ది సంవత్సరాలే. వాళ్లను బడికి పంపినా, ఇంట్లో చదివించినా రేపు వాళ్లు మన పాఠాల్లో సగం మరచిపోతారు. తప్పు చేసిన రోజున ఈ ఇంటి తలుపు తెరిచి ఉందా, మూసి ఉందా అన్నది మాత్రం మరచిపోరు. దూరంగా ఉన్న కుమారుణ్ణి చూసి పరుగెత్తి ఎదురెళ్లిన తండ్రి కథను ప్రభువు మనకు చెప్పింది అందుకే. ఈ రాత్రి పుస్తకాలు మూసేశాక మన పిల్లల్ని ఒక్కసారి దగ్గరికి తీసుకుందాం. రేపటి పాఠం రేపు చెప్పుకోవచ్చు.