రాతి పగుళ్లలోని నీరు

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమున బావి త్రవ్వువారికి మొదట మన్ను, పిదప మొరము, అటుపిమ్మట గట్టిరాయి కనబడును. ఆ రాయి గ్రానైటు. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. పడమట జహీరాబాదు వైపున నున్న నల్లరాయి సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భము నుండి వెలువడిన లావా గడ్డకట్టగా నేర్పడినది.

హైదరాబాదు రాజ్యమందలి శిలలను తొలుత శాస్త్రరీతిని పరిశీలించినవారిలో హెన్రీ వాయిసీ ముఖ్యుడు. ఆయన 1818లో మహా త్రికోణమితి సర్వేయందు వైద్యుడుగను, భూగర్భ శాస్త్రజ్ఞుడుగను నియుక్తుడై, ఊరూర సంచరించి శిలాపటమును రచించెను; 1824లో మరణించెను. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 1851లో గాని వెలయలేదు.

ఆ శిలాజ్ఞానము నేటి జీవనమునకును అవసరము. గట్టి గ్రానైటు నీటిని పీల్చదు. మొరములోను, రాతి పగుళ్లలోను మాత్రమే నీరు నిలుచును. 1970 తరువాత ఇచ్చట కర్మాగారములు పెక్కు వెలసెను. కొన్నింటి మురుగునీరు నక్కవాగున బడి మంజీర వైపు సాగెను. భూమిలోనికి ఇంకి బావులను చేరెను. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఆ త్రోవలను పరిశోధించిరి. పగుళ్లలో చేరిన విషము త్వరగా వీడదు. కావున కర్మాగారమునకు పునాది త్రవ్వుటకు ముందే, దాని మురుగునీరు ఏ పగులున దిగునో, ఎవరి బావిని చేరునో తెలిసికొనవలెను.