ఒక్కరుగా ఒకలా... నలుగురిలో మరోలా!

ఒక సెక్షన్‌లో ‘దేనికీ పనికిరాడు’ అనిపించుకున్న ఉద్యోగి, మరో సెక్షన్‌కి బదిలీ అయిన ఆర్నెల్లకే ‘ఆయన సెలవు పెడితే పని నడవదు’ అనిపించుకుంటాడు. మనిషి అతనే. చదువు అదే. జీతం కూడా అంతే. మారింది పక్క సీట్లలో కూర్చున్నవాళ్లు! ఆఫీసులో మనం ఎలా పనిచేస్తామన్నది మన తెలివితేటల మీద ఎంత ఆధారపడి ఉంటుందో, చుట్టూ ఉన్న నలుగురి మీద కూడా అంతే ఆధారపడి ఉంటుంది. వందేళ్లుగా సాగుతున్న పరిశోధనలు ఈ సంగతిని రకరకాలుగా చెబుతున్నాయి.

పదిమందిలో పాము చావదు

ఈ సామెత మనవాళ్లు ఎప్పుడు కట్టారో తెలీదు కానీ, దాన్ని లెక్కగట్టి చూపించింది మాత్రం ఫ్రాన్సుకు చెందిన మాక్స్ రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజినీరు. మనుషుల చేత తాడు లాగించి, ఎంత బలంతో లాగుతున్నారో కొలిచాడాయన. 1913లో ఆ వివరాలను ప్రచురించాడు. ఒక్కడే లాగినప్పటి బలాన్ని 100 అనుకుంటే, ఇద్దరు కలిసి లాగినప్పుడు తలా 93కి తగ్గింది. ముగ్గురైతే 85. ఎనిమిదిమంది చేరేసరికి తలా 49! అంటే ఎనిమిదిమంది కలిసి చేసింది నలుగురి పనే.

అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం ఇందుకు ఒక కారణం. అదొక్కటే కాదని 1979లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు తేల్చారు. విద్యార్థుల కళ్లకు గంతలు కట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి గట్టిగా అరవమన్నారు. ‘మీతోపాటు ఇంకా కొందరు అరుస్తున్నారు’ అని నమ్మించారు. నిజానికి పక్కన ఎవరూ అరవడం లేదు. అయినా వాళ్ల గొంతు తగ్గింది! ‘ఎవరి అరుపు ఎంతో విడిగా కొలుస్తున్నాం’ అని చెప్పిన మరో ప్రయోగంలో మాత్రం ఆ తగ్గుదల కనిపించలేదు. తన వంతు లెక్కలోకి వస్తుందనుకుంటే మనిషి పూర్తి బలం పెడతాడు. గుంపులో కలిసిపోతుందనుకుంటే తెలియకుండానే చెయ్యి సడలుతుంది.

నలుగురితో నారాయణా...

అమెరికాలోని షికాగో శివార్లలో హాథార్న్ వర్క్స్ అనే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీది. టెలిఫోన్ పరికరాలు తయారుచేసేవారు. వెలుతురు పెంచితే పని పెరుగుతుందా అని 1924లో అక్కడ మొదలైన పరిశీలనలు 1932 దాకా సాగాయి. 1927లో కొద్దిమంది యువతులను విడిగా ఒక గదిలో కూర్చోబెట్టి, టెలిఫోన్ రిలేలు బిగించే పని అప్పగించారు. మధ్యలో విశ్రాంతి ఇచ్చారు, పనిగంటలు తగ్గించారు. ఉత్పత్తి పెరిగింది. తర్వాత ఆ సౌకర్యాలన్నీ తీసేశారు. అయినా ఉత్పత్తి మొదటికంటే ఎక్కువగానే ఉంది! తమను పట్టించుకుంటున్నారన్న భావనే ఇందుకు కారణమని హార్వర్డ్ ఆచార్యుడు ఎల్టన్ మేయో బృందం చెప్పింది. మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో ‘హాథార్న్ ఎఫెక్ట్’గా స్థిరపడింది ఇదే.

అయితే ఈ కథకు రెండో వైపు కూడా ఉంది. ప్రయోగం మధ్యలో ఇద్దరు యువతులను తప్పించి, వాళ్ల స్థానంలో చురుకైన మరో ఇద్దరిని తెచ్చారు. జీతం లెక్కగట్టే పద్ధతి కూడా మారింది. వెలుతురు ప్రయోగాల లెక్కల్ని 2011లో ఇద్దరు ఆర్థికవేత్తలు తిరగేసి, అందరూ చెప్పుకున్నంత మార్పు అందులో లేదన్నారు. కాబట్టి ‘కాస్త పట్టించుకుంటే చాలు, పని దానంతటదే పెరుగుతుంది’ అనుకుంటే పొరపాటే.

హాథార్న్‌లోనే అంతగా ప్రచారానికి నోచుకోని గది ఇంకొకటుంది. 1931 నవంబరు నుంచి 1932 మే దాకా 14 మంది మగవాళ్లు అందులో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి పరికరాలకు వైర్లు కలిపేవారు. జట్టు మొత్తం ఎంత చేస్తే అంత డబ్బు. మరి అందరూ పోటీపడి చేయాలి కదా? చేయలేదు! ‘రోజుకు రెండు పరికరాలు చేస్తే చాలు’ అని తమలో తామే గీత గీసుకున్నారు. ఆ గీత దాటినవాణ్ని రేటు చెడగొట్టేవాడన్నారు. మరీ తక్కువ చేసినవాణ్ని పనిదొంగ అన్నారు. పైవాళ్లకు చాడీలు చెప్పేవాడంటే ఎవరికీ గిట్టదు. హద్దు మీరినవాడి జబ్బ మీద సరదాగానే ఒక్కటి వేసేవారు... నొప్పి పుట్టేలా!

వాళ్ల భయం ఒకటే. ఎక్కువ చేసి చూపిస్తే యాజమాన్యం రేటు తగ్గిస్తుంది, లేదా కొందరిని ఇంటికి పంపేస్తుంది. అది ఆర్థికమాంద్యం రోజులు మరి. విచిత్రమేమిటంటే, అందరికంటే తక్కువ పని చేసిన వ్యక్తికే తెలివితేటల పరీక్షలో మొదటి స్థానం వచ్చింది. అతని వెనకబాటుకు కారణం చేతకానితనం కాదన్నమాట. జీతమిచ్చేది యజమానే అయినా, రోజంతా కలిసి ఉండాల్సింది పక్కవాడితో కదా!

అహ్మదాబాద్ మగ్గాల పాఠం

జట్టు పనిని ఆపగలదు సరే, పెంచగలదా? దీనికి జవాబు మనదేశంలోనే దొరికింది. అహ్మదాబాద్ కాలికో మిల్లులో 1952లో ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. కొత్త యంత్రాలొచ్చినా ఉత్పత్తి ఆశించినట్టు పెరగలేదు, బట్ట నాణ్యతా మెరుగుపడలేదు. 1953లో లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఎ.కె.రైస్ వచ్చాడు.

షెడ్డులో 224 మగ్గాలు. పని 12 రకాలుగా విడిపోయి ఉంది. నేసేవాళ్లు కొందరు, తెగిన పోగులు అతికేవాళ్లు కొందరు, బాబిన్లు అందించేవాళ్లు, నూనె వేసేవాళ్లు, ఊడ్చేవాళ్లు... ఒక్కొక్కరికి ఒక్కో సంఖ్యలో మగ్గాలు. పోగు తెగితే ‘అది నా పని కాదు’ అనడానికి అందరికీ వీలుంది. ‘ఈ మగ్గాలు మావి’ అనడానికి ఎవరికీ వీల్లేదు. ఎవరికి వారే యమునా తీరే!

ఏడుగురు చొప్పున చిన్న జట్లు కట్టి, ఒక్కో జట్టుకు కొన్ని మగ్గాలు పూర్తిగా అప్పగిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. కార్మికులు దాన్ని ఉత్సాహంగా అందుకున్నారు. తమకు నచ్చినవాళ్లతో తామే జట్లు కట్టుకున్నారు. తొలిరోజుల్లో ఒడుదొడుకులు తప్పలేదు. తర్వాత ఉత్పత్తి పెరిగింది, పాడైన బట్ట తగ్గింది. మగ్గాలు అవే, మనుషులూ వాళ్లే! 1970లో టావిస్టాక్‌కే చెందిన ఎరిక్ మిల్లర్ మళ్లీ వెళ్లి చూస్తే, కొన్నిచోట్ల పాత పద్ధతి తిరిగొచ్చినా, ఒక షెడ్డులో మాత్రం జట్టు విధానం ఇంకా నడుస్తోంది. ఆ మిల్లు తర్వాతి కాలంలో మూతపడింది కానీ, పాఠం మిగిలింది.

తప్పు చెప్పనిచ్చే చోటు

పని తగ్గితే పోయేది డబ్బే. ఆసుపత్రిలో జట్టు సరిగా లేకపోతే ప్రాణాలే పోవచ్చు. హార్వర్డ్‌లో చదువుకుంటున్న రోజుల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్ల మీద పరిశోధన చేశారు. బాగా కలిసి పనిచేసే నర్సుల బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకున్నారు. లెక్క తిరగబడింది! మంచి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. కారణం వెతికితే అసలు సంగతి తెలిసింది. అక్కడ తప్పు జరిగితే ధైర్యంగా చెప్పుకుంటున్నారు. మిగతాచోట్ల పెద్ద నర్సుకు భయపడి దాచేస్తున్నారు. 1996లో ఈ వివరాలు ప్రచురించిన ఎడ్మండ్‌సన్, ఆ తర్వాత ‘భయం లేకుండా మాట్లాడగలగడం’ మీదే ఎన్నో ఏళ్లు పనిచేశారు. ‘మా సెక్షన్‌లో తప్పులే జరగవు’ అని ఏ అధికారైనా గర్వంగా చెబితే, కాస్త అనుమానించాల్సిందే!

మీ ఆఫీసులో ఎలా?

* ఒక పనిని పదిమందికి ఉమ్మడిగా అప్పగించకండి. ఎవరి వంతు ఏమిటో అందరికీ తెలియాలి.

* జట్టు చిన్నదిగా ఉండాలి. ‘ఇది మా పని’ అనుకునేలా మొదటి నుంచి చివరిదాకా వాళ్లకే వదలాలి.

* ఎక్కువ పని చేసినవాళ్ల మీద మరింత పని రుద్దితే, మర్నాటి నుంచి అందరూ రెండు పరికరాల లెక్క మొదలుపెడతారు.

* పొరపాటు ఒప్పుకున్నవాళ్లను నలుగురిలో తిట్టొద్దు. రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

* కొత్తగా చేరినవాళ్లు ఆఫీసు రూల్స్‌తోపాటు రాయని రూల్స్ కూడా గమనిస్తారు. మొదటివారం వాళ్లను ఎవరి పక్కన కూర్చోబెడుతున్నారో చూసుకోండి.

ఈ విషయం ఇంట్లోవాళ్లకూ అవసరమే. కొడుకో కూతురో కొత్త ఉద్యోగంలో చేరి నెల తిరక్కుండానే మొహం వేలాడేసుకుని వస్తే, ‘నీకు ఓపిక లేదు’ అనేస్తాం. జీతమెంత, పనెంత అని అడుగుతాం. ‘మధ్యాహ్నం ఎవరితో కలిసి భోంచేస్తున్నావు? తెలియనిది ఎవరినైనా అడగగలుగుతున్నావా?’ అని అడిగి చూడండి. అసలు కష్టం అక్కడే బయటపడొచ్చు.

అలాగే ఒక ఉద్యోగిని ‘పనికిరాడు’ అని తేల్చేసే ముందు, అతన్ని కూర్చోబెట్టిన చోటు ఎలాంటిదో ఒక్కసారి చూడాలి. సంతకం పెట్టి ఇంటికి పంపేయడం సులువే. కానీ ఆ కుర్చీలోకి వచ్చే కొత్త మనిషికి కూడా పక్కన ఉండేది ఆ నలుగురే!